పాత ఆసుపత్రిని ముసురులో చూడండి

కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే నెల్లూరు, ఒంగోలు జిల్లా పేజీల్లో ఒక ఫొటో ఖాయం. పెచ్చులూడిన గోడ, పిట్టగోడ సందులో రావిమొక్క, వరండాలో ప్లాస్టిక్ బకెట్. పైన 'శిథిలావస్థలో పాత ఆసుపత్రి భవనం' అని శీర్షిక. వార్త చివర్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది: కట్టి వందేళ్లయింది, ఆయుష్షు తీరిపోయింది అని. కూల్చాలా వద్దా అన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు ఈ ఆయుష్షు లెక్కతోనే నాకు పేచీ.

అది కాంక్రీటు స్లాబుకి వేసే లెక్క. స్లాబు లోపల ఇనప చువ్వలుంటాయి, సముద్రపు గాలికి అవి తుప్పు పడతాయి, తుప్పు ఉబ్బి స్లాబుని లోపల్నుంచే పగలగొడుతుంది. కాబట్టి ఓ యాభై అరవై ఏళ్లు అనుకుని కట్టుకుంటాం. డంగు సున్నంతో కట్టిన గోడకి అలాంటి గడువేమీ లేదు. పైనుంచి నీళ్లు దిగకుండా, కిందనుంచి చెమ్మ ఎక్కకుండా చూసుకున్నన్నాళ్లూ నిలుస్తుంది. చూసుకోకపోతే ఇరవై ఏళ్లకే కూలబడుతుంది. అందుకని పాత ఆసుపత్రి ముందు నిలబడి వయసు అడిగి లాభం లేదు. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అని అడగాలి. దీనికి జవాబు ఎండపూట దొరకదు. వానలో, అదీ రెండోరోజు ముసురులో, భవనమంతా తిరగకుండా రాసిన 'శిథిలం' అన్న కాగితాన్ని నేనైతే నమ్మను.

నెల్లూరులో ఏడాదికి కురిసేది సుమారు వెయ్యి మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఒంగోలు వైపు మొత్తం కొంచెం తక్కువ. అంటే భవనానికి అసలు పరీక్ష ఆ మూడు నెలలే. పరిశీలన బృందాలేమో వానలు వెనకబట్టాక వస్తాయి. అప్పటికి గోడలు ఆరిపోయి మరకలే మిగులుతాయి. ఎండిన మరకని చూసి అది ఈ ఏటిదో, పదేళ్ల కిందటిదో చెప్పడం ఎంత అనుభవం ఉన్న ఇంజనీరుకైనా కష్టం.

మిద్దెలో ఏముందో తెలిస్తేనే

అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరులో 1840లో అడుగుపెట్టడం, ఆ మిషన్ పాదిరి క్లౌ దొర 1866లో ఒంగోలు రావడం, 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ పని చేయించడం, ఇవన్నీ ఇక్కడివాళ్లకి తెలిసిన సంగతులే. ఆసుపత్రులు తర్వాతి తరం పని. ఆ కాలపు భవనాలు మిషన్‌వైనా, సర్కారువైనా, తాలూకా డిస్పెన్సరీలైనా సామాను మాత్రం దాదాపు ఒకటే: ఇటుక లేదా రాతి గోడ, సున్నం, టేకు, నేలకి కడప బండలు, వరండా మీద మంగళూరు పెంకు. పులికాట్ వైపు సున్నమంటే గుల్లసున్నమే, గుల్లల్ని బట్టీలో కాల్చి చేసింది.

అన్నిటికన్నా తెలివైన పని మిద్దెది. మద్రాసు టెర్రస్ అంటారు. గోడ నుంచి గోడకి టేకు దూలాలో, ఇనప గడ్డర్లో ఉంటాయి. వాటి మీద అడుగు, అడుగున్నర ఎడంగా దంతెలు, అంటే సన్నటి అడ్డకర్రలు. దంతెల మీద పల్చటి మిద్దె ఇటుకలు, సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్నవి, పక్కవాటంగా నిలబెట్టి ఐమూలగా పేరుస్తారు. కింద సెంట్రింగు ఉండదు. సున్నపు అడుసు పట్టు మీదే ఒక ఇటుక పక్కన ఇంకొకటి నిలబడుతుంది. అది గట్టిపడ్డాక ఇటుక జల్లి, ఇసుక, సున్నం కలిపి ఏడున్నర సెంటీమీటర్లు పోసి, చెక్క బడితెలతో మూడు రోజులు కొడతారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ కొడుతుంటే అది ఐదు సెంటీమీటర్లకి దిగుతుంది. దిగకపోతే సరిగా కొట్టలేదన్నమాట. ఆపైన చదును పెంకులు రెండు వరసలు, వాటి మీద గచ్చు. పది అడుగులకి మూడంగుళాలు, మూడున్నర అంగుళాల వాలు.

ఈ మిద్దె నీటిని పూర్తిగా ఆపదు. వాన పడుతుంటే కొంత తాగుతుంది, తెరిపి ఇవ్వగానే పైకే వదిలేస్తుంది. దీని పనితనమంతా ఆ ఆరడంలోనే ఉంది. ఆరనివ్వకుండా ఏ అడ్డం పెట్టినా దెబ్బ తగిలేది పైన కాదు, దంతె చివర్లలో. దంతె కొన గోడలోకి జానెడు దూరి ఉంటుంది. అక్కడ గాలి ఆడదు. గోడ చెమ్మంతా కొన తాగుతుంది, ఆ తర్వాత చెదలు. గదిలోంచి చూస్తే దంతె పొడుగునా రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

అందుకని చూడాల్సింది అక్కడే. రెండంగుళాల మేకు తీసుకుని, గోడ అంచున దంతెలోకి చేత్తో నొక్కండి. బాగున్న టేకులోకి రెండు మూడు మిల్లీమీటర్లకి మించి దిగదు. చాలా లోతుకి దిగి, మేకు బయటికి తీస్తే గోధుమరంగు పొడి తడిగా అంటుకుని వస్తే ఆ కొన అయిపోయినట్టే. కానీ చాలాసార్లు పోయేది కొన మాత్రమే. అడుగున్నరో రెండడుగులో కోసేసి, కొత్త టేకు ముక్కని రెండు పక్కలా ఇనప పట్టీలు వేసి బోల్టులతో బిగిస్తే మిగతా పన్నెండు అడుగుల దంతె నిక్షేపంగా పనికొస్తుంది. ముప్పై దంతెల్లో నాలుగు కొనలు కుళ్లాయని రాయడానికీ, 'పైకప్పు శిథిలం' అని రాయడానికీ ఎంత తేడా ఉందో చూడండి. రెండోది రాయడం సులువు, నిచ్చెన ఎక్కే పని లేదు.

చుక్క ఎప్పుడు పడింది

వానరోజు వెళ్లేవాళ్లకి పెద్ద సామాను అక్కర్లేదు. టార్చి, సుద్దముక్క, మేకు, టేపు, ఫోను. లోపలికి అడుగుపెట్టే ముందు మెయిన్ ఆఫ్ చేయించండి. పాత ఆసుపత్రిలో ఎప్పటెప్పటి వైరింగో గోడల్లో ఉంటుంది, తడిగోడ మీద చెయ్యి వేయడం ప్రమాదం. కిందికి జారిన దంతెల కింద నిలబడొద్దు. పాత రికార్డుల గదిలో కాలు పెట్టేముందు టార్చి వెయ్యండి, ముసురుకి పాములు పొడిచోటు వెతుక్కుంటూ వస్తాయి. వాన కురుస్తుండగా మిద్దె మాత్రం ఎక్కొద్దు. పాచి మీద కాలు జారుతుంది, పైగా ఏ దంతె బలంగా ఉందో అప్పటికి మీకు తెలియదు.

మిద్దె ఎక్కకుండానే సగం విషయం తెలుస్తుంది. భవనం చుట్టూ తిరిగి నీటి గొట్టాలు లెక్కపెట్టండి. ఆరు గొట్టాల్లో రెండే పారుతుంటే మిగతా నాలుగు వేపాకుతోనో, పావురాల రెట్టతోనో పూడిపోయాయన్నమాట, ఆ నీళ్లు పైన నిలబడి ఉన్నాయన్నమాట. 18 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు వార్డు మీద పది సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే పన్నెండున్నర టన్నులు. ఆ బరువు మొయ్యమని ఆ దంతెల్ని ఎవరూ కోరలేదు. ఒక మనిషి గంటసేపు గొట్టాల మూతుల్లో ఆకు తీస్తే దిగిపోయే బరువది.

తర్వాత లోపల. ఉరుస్తున్న ప్రతిచోటా నేల మీద సుద్దతో గుండ్రం గీసి టైము రాయండి. వాన మొదలైన పది నిమిషాలకే చుక్క పడిందంటే నేరుగా దారి ఉంది: పగులు, గొట్టం చుట్టూ ఖాళీ, పిట్టగోడ మొదట్లో సందు. సగంరోజు తర్వాత మొదలైతే మిద్దె తాగగలిగినంత తాగి ఇక వదిలేస్తోందని అర్థం, పైన గచ్చు పోయింది. వాన వెలిసి మర్నాడు కూడా పడుతుంటే నీళ్లు నిలిచి ఉన్నాయి. వానకీ చుక్కకీ సంబంధమే లేకపోతే ఏదో పైపు కారుతోంది, తాపీపని కన్నా ముందు ప్లంబరుని పిలవాలి. ఒకటి గుర్తుంచుకోండి, చుక్క పడిన చోటుకి నిట్టనిలువుగా పైన పగులు ఉండనక్కర్లేదు. నీళ్లు దంతె వెంబడి పాకి నాలుగైదు అడుగుల అవతల పడటం మామూలే.

వీటన్నిటికన్నా మంచి సాక్ష్యం ఒక్కోసారి నేలమీదే ఉంటుంది. మన జిల్లాల్లో పాత వార్డుల్లో కడప బండల మీద తుప్పు రంగు వలయాలు కనిపిస్తాయి, ఒకదాని మీద ఒకటి, కొంచెం కొంచెం జరిగి. పాత ఇనప బకెట్ల అడుగులవి. వాచ్‌మన్ ఏటా అదే చోట బకెట్ పెడుతున్నాడు, అంటే కారేది ఒక్కచోటే, ఏళ్ల తరబడి. ఆ వలయాలకి పైన ఏముందో చూస్తే చాలావరకు ఒకే గొట్టం, ఒకే మూల తేలుతుంది. ఇంత సమాచారం ఆ వాచ్‌మన్ దగ్గర ఉంటే అతన్ని ఒక్క ముక్క అడగకుండా నివేదికలు తయారవుతాయి.

సిమెంటు చేసిన మేలు

ఈ భవనాలకి మరమ్మతులే జరగలేదనడం నిజం కాదు. చాలావాటికి జరిగాయి, సమస్య కూడా అక్కడే మొదలైంది.

మిద్దె కారుతోందంటే మనకి తెలిసిన మందు ఒకటే, పైన సిమెంటు కాంక్రీటు పరచడం. ఐదు సెంటీమీటర్ల పొర చదరపు మీటరుకి 120 కిలోలు. ఇందాకటి వార్డు లెక్కన పదిహేను టన్నులు, ఇది శాశ్వతంగా. కింద సున్నం, టేకు ఎండకీ వానకీ కొద్దికొద్దిగా కదులుతుంటాయి. సిమెంటు కదలదు, పగులుతుంది. వెంట్రుకంత పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి, పైకి ఆరే దారి మూసుకుపోయింది కాబట్టి కిందికే వస్తాయి. రెండేళ్లు కారదు, మూడో ఏడు నుంచి ముందుకన్నా ఎక్కువ కారుతుంది. అప్పుడు ఇంకో పొర. మూడు పొరలు మోస్తున్న మిద్దెలు ఉన్నాయి.

గోడలదీ ఇదే వరస. కింద చెమ్మ కనబడితే నాలుగడుగుల ఎత్తు సిమెంటు పూసి ఎనామిల్ రంగు వేస్తారు, కడగడానికి వీలని. సున్నపు గోడలో భూమి చెమ్మ మోకాలి ఎత్తుదాకా ఎక్కి బయటికి ఆవిరై పోయేది. బయటికి దారి లేక ఇప్పుడు ఆరడుగులు ఎక్కుతుంది. దానితోపాటు ఉప్పు కూడా. అందుకే పెచ్చులు సిమెంటు పూత ఆగిపోయిన గీతకి సరిగ్గా పైన ఊడతాయి. నాణెంతో తట్టుకుంటూ పోతే ఎక్కడ డొల్లగా మోగుతుందో అక్కడిదాకా సిమెంటు తీసేసి, ఇటుక సందుల్లో ఉప్పుపట్టిన అడుసు గీకి, ఒక వేసవి అలా వదిలేసి, తర్వాత సున్నం పూయాలి. ఒక వేసవి గోడని బోసిగా వదిలేయడానికి ఎవరూ ఒప్పుకోరు. బిల్లు ఆగిపోతుందిగా.

బయట ఇంకో ముచ్చట. మెట్లు లెక్కపెట్టండి. కట్టినప్పుడు ఐదు మెట్లున్న వరండాకి ఇప్పుడు మూడే కనిపిస్తే, మిగతా రెండూ ఆవరణలో పొర మీద పొర వేసిన రోడ్డు కిందికి పోయాయి. వాననీరు ఒకప్పుడు భవనానికి దూరంగా జారేది, ఇప్పుడు గోడ మొదట్లోకి పారుతుంది. దీనికి పరిష్కారం చుట్టూ మూడడుగుల వెడల్పున తవ్వి మట్టం దించి, బయటి వాలుతో కాలువ తియ్యడం. రావిమొక్క సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. పట్టి పీకొద్దు, వేరుతోపాటు పిట్టగోడ వస్తుంది. మొదట్లో కోసి, కోసిన ముఖానికి కలుపుమందు వెంటనే పూసి, వేరు చచ్చాక సందులో సున్నపు అడుసు కూరాలి. ఊరికే నరికి వదిలితే వచ్చే వానలకి రెండింతలు చిగురిస్తుంది.

వార్డుని వార్డుగా కట్టారు

ఆసుపత్రికీ, అదే కాలపు సర్కారు కచేరీకీ తేడా ఉంది. మందులు తక్కువైన రోజుల్లో గాలే వైద్యంలో సగం అనుకుని కట్టినవి ఇవి. వార్డు పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఎదురెదురు కిటికీలు, రెండు కిటికీల మధ్య గోడకి ఒక మంచం, కిటికీల పైన కప్పుకి దగ్గరగా తాడుతో తెరిచే వెంటిలేటర్లు, రెండు వైపులా లోతైన వరండా. ఆపరేషన్ గదిలో గోడ, నేల కలిసే మూల గుండ్రంగా తిప్పి ఉంటుంది, మురికి నిలవకుండా. అంటురోగాల వార్డు దూరంగా, గాలి వాలుని బట్టి విడిగా.

ఈ ఏర్పాటు రోగిని ఎంత కాపాడిందో, భవనాన్నీ అంతే కాపాడింది. వరండా వల్ల వానజల్లు గోడని తాకదు. ఎదురుగాలికి లోపలి చెమ్మ ఆరిపోతుంది. తర్వాత మంచాలు చాలక వరండాలకి ఇటుక గోడ పెట్టి గదులు చేశారు, ఏసీ పెట్టడానికి వెంటిలేటర్లు మూశారు, వార్డు చివర మరుగుదొడ్లు చేర్చారు. మంచాలు చాలని మాట నిజమే, ఆనాటి సూపరింటెండెంటుని తప్పుపట్టలేం. కానీ వానరోజు వెళ్లి చూస్తే తేడా ముక్కుకే తెలుస్తుంది. వరండా తెరిచి ఉన్న వార్డులో తడి మట్టి వాసన, మూసిన వార్డులో బూజు వాసన. ఒకే రోజు ఒకే మేస్త్రీ కట్టిన రెండు వార్డుల్లో ఒకటి బాగుండి ఇంకోటి పాడవడానికి వయసు కారణం ఎలా అవుతుంది?

ఎదురు వాదనలు

మనుషుల ప్రాణాల మాటేమిటి అంటారు. ఇందులో వాదించడానికేమీ లేదు. పెచ్చు ఊడి బాలింత మీద పడే అవకాశం ఉన్న గదిలో ఒక్క పూట కూడా ఎవరినీ ఉంచకూడదు. ఖాళీ చేయండి, ఈ రోజే. కానీ ఖాళీ చేయడం ఒక రోజు పని, కూల్చడం తిరిగిరాని పని. రెంటినీ ఒకే కాగితంలో రాయనక్కర్లేదు. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రి సంగతి చూశాం. 1925 నాటికి పూర్తయిన భవనం, 2020 జూలైలో వానకి వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. రోగుల్ని తరలించారు, అది సబబే. ఆ నీళ్లు నేలమీద డ్రైనేజీ గుండా వచ్చాయి తప్ప గోడల వయసు వల్ల రాలేదన్న మాట తర్వాత ఏళ్లపాటు సాగిన గొడవలో ఎవరికీ వినబడలేదు.

ఇప్పటి ఆసుపత్రికి ఆక్సిజన్ లైన్లు, లిఫ్టులు, ఐసీయూలు కావాలి, ఇందులో కుదరవు అన్నది ఇంకో వాదన. ఒప్పుకుంటాను. ఇందులో ఐసీయూ పెట్టమని అడగడమే పొరపాటు. ఓపీ చీట్లు, మందుల కౌంటర్, టీకాలు, నర్సింగ్ క్లాసులు, రోగి తాలూకువాళ్లు పడుకునే చోటు, వీటికి లిఫ్టు అక్కర్లేదు. పెద్దాసుపత్రి గేటు బయట చెట్లకింద తడుస్తూ కూర్చునేవాళ్లని చూస్తే ఆ చివరి అవసరం ఎంత ఉందో తెలుస్తుంది.

నా వాదనకి గట్టి దెబ్బ తగిలేది వేరేచోట. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, వేసవికి కుంచించుకుపోతుంది. దాని మీద పునాది లోతు చాలని గోడకి కిటికీ మూలల నుంచి ఐమూలగా పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లు మే నెలలో వేలు పట్టేలా తెరుచుకుని, నవంబరు ముసురుకి మూసుకుపోతాయి. కాబట్టి వానలో మాత్రమే చూసినవాడు ఈ భవనం భేషుగ్గా ఉందని రాసేసే ప్రమాదం ఉంది. దీనికి విరుగుడు పాతదే. పగులుకి అడ్డంగా సన్నటి గాజు పట్టీని రెండు చివరలా అతికించి తేదీ రాయడం. నవంబరులో పెట్టిన గాజు మే నాటికి విరిగితే పునాది ఇంకా కదులుతోంది, అది సున్నంతో తీరే జబ్బు కాదు. విరగకపోతే పాత పగులు, పూడ్చుకోవచ్చు. అంటే కనీసం రెండుసార్లు చూడాలి, ముసురులో ఒకసారి, రోళ్లు పగిలే ఎండలో ఒకసారి. నదీతీరపు ఇసుక నేల మీద నెల్లూరులో ఈ బెడద తక్కువ.

గడ్డర్లున్న చోట కూడా తొందరపడి మంచిమాట చెప్పకూడదు. గడ్డరు పొడవునా తిన్నగా పగులు కనిపిస్తే లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది. సముద్రానికి దగ్గరగా, కావలి నుంచి సింగరాయకొండ దాకా, ఇది ఎక్కువ. అలాంటి మిద్దెని కొన్నిసార్లు విప్పేయక తప్పదు. అప్పుడు కూడా పోయేది ఆ మిద్దె, గోడలు కాదు.

పని ఎప్పుడు పెట్టుకోవాలి

ఇదంతా సరే, చేసేదెప్పుడు? మిద్దె పనికి మన దగ్గర మంచి కాలం జనవరి మధ్య నుంచి మార్చి చివరిదాకా. వానలు పోతాయి, ఎండ ఇంకా ముదరదు. సున్నం సిమెంటులా ఒక్కరోజులో పట్టదు, గాలి తగిలి నెమ్మదిగా గట్టిపడుతుంది. మే ఎండకి పోస్తే పట్టకముందే ఎండి పొడి రాలుతుంది. అప్పుడు చేయక తప్పకపోతే తడి గోనెసంచులు కప్పి రెండు వారాలు కాపాడాలి. సున్నాన్ని ముందే నానబెట్టుకోవాలి, కనీసం మూడు వారాలు. ఎన్నాళ్లు నానితే అంత మంచిది. నానీనానని సున్నంతో పూస్తే ఉడకని పలుకులు తర్వాత గోడలోనే ఉబ్బి, పైపూత బఠాణీ గింజలంత చిప్పలుగా ఎగిరిపోతుంది.

నవంబరులో చూసి, డిసెంబరులో అంచనా వేసి, సంక్రాంతికి పని మొదలుపెడితే లెక్క సరిపోతుంది. జరిగేది వేరు. అంచనా ఫిబ్రవరిలో కదులుతుంది, నిధులు మార్చి 31 హడావిడిలో వస్తాయి, టెండరు అయ్యేసరికి జూలై. ఆగస్టులో మిద్దె విప్పుతారు. అక్టోబరు మూడో వారానికి ఈశాన్య రుతుపవనం దిగుతుంది. సగం కొట్టిన సున్నపు మిద్దె మీద మొదటి వాన పడగానే కాంట్రాక్టరు చేసే పని ఒకటే, పైన సిమెంటు వేసి మూసేయడం. అందుకే పాత ఆసుపత్రి మీద ప్రేమ ఉన్నవాళ్లు అర్జీలో 'పరిరక్షించండి' అని రాసి ఊరుకోవద్దని నా సలహా. సుద్దతో రాసిన టైములు, పారని గొట్టాల ఫొటోలు, మేకు దిగిన దంతెల నంబర్లు జతచేసి, జనవరి 15కి పని మొదలయ్యేలా మంజూరు చేయమని తేదీతో సహా అడగండి. ఆ తేదీ దాటితే గొట్టాల్లో ఆకు తీయించి, మిద్దె జోలికి పోకుండా మరుసటి జనవరి దాకా ఆగమనండి.